ఎఫ్‌పీఎస్ 90 చూపిస్తోంది, మరి గేమ్ ఎందుకు ఆగి ఆగి వస్తోంది?

తమ్ముడూ, లాప్‌టాప్‌లో గేమ్ ఆగి ఆగి వస్తోందని రాశావు కదా, ముందు ఆ ఫార్మాట్ మాట, అంటే అంతా తుడిచేసి విండోస్ మళ్ళీ వేసే మాట, పక్కన పెట్టు. ఫార్మాట్ కొడితే ఒక వారం పది రోజులు సాఫీగానే ఉంటుంది, కాదనను. తర్వాత నువ్వు మళ్ళీ అవే యాప్‌లు వేసుకుంటావు, కుదుపులూ వాటి వెంటే వచ్చేస్తాయి. ఏది చేస్తోందో తెలుసుకోకుండా తుడిచేస్తే, తిరిగొచ్చినప్పుడు కూడా నీకు తెలియదు.

నువ్వు చెప్పినదాంట్లో నాకు పనికొచ్చినవి ఇవి: ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డ్. విండోస్ 11 ఉన్నది 256 జీబీ ఎస్ఎస్‌డీలో, గేమ్స్ ఉన్నవి 1 టీబీ హార్డ్ డిస్క్‌లో. ఆడేది జీటీఏ 5, వాలరెంట్. ఎఫ్‌పీఎస్ కౌంటర్, అంటే సెకనుకి ఎన్ని ఫ్రేములు (బొమ్మలు) వస్తున్నాయో చూపించే అంకె, 90 దగ్గరే ఉంటుంది, కానీ ఉన్నట్టుండి అర సెకను బొమ్మ బిగుసుకుపోయి మళ్ళీ కదులుతుంది. గ్రాఫిక్స్ సెట్టింగ్స్ అన్నీ లోలో పెట్టినా తేడా లేదు. హాస్టల్లో ఫ్రెండ్ ఫార్మాట్ చేయమన్నాడు, నువ్వేమో వీడియో చూసి గేమ్ స్పీడ్ పెంచుతానని చెప్పే ఒక గేమ్ బూస్టర్ యాప్ కూడా వేశావు.

ఇందులో నువ్వు మాటవరసకి రాసిన ముక్కే నాకు అసలు క్లూ. సెట్టింగ్స్ తగ్గించినా తేడా లేదన్నావే, అది. గ్రాఫిక్స్ కార్డ్‌కి శక్తి చాలక ఇలా అవుతుంటే లోలో పెట్టగానే ఎంతో కొంత తగ్గి తీరాలి. తగ్గలేదంటే కార్డ్ పని కార్డ్ చేసుకుంటోంది. దాని చేతికి ఫ్రేమ్ అందాల్సిన దారిలో, అంటే ప్రాసెసర్ దగ్గరో ర్యామ్ దగ్గరో డిస్క్ దగ్గరో, వేరే ఎవరో అడ్డం పడుతున్నారు.

మరి కౌంటర్ 90 ఎలా చూపిస్తోంది అంటావు. సెకనుకి 90 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకి 11 మిల్లీసెకన్లు. నీకు అర సెకను అనిపించేది చాలాసార్లు 150, 200 మిల్లీసెకన్లే. అంతలో పోయేవి పదిహేనో పద్ధెనిమిదో ఫ్రేములు. కౌంటర్ ఒక్క క్షణం 75 చూపించి, నీ కళ్ళు అటు తిరిగేసరికి మళ్ళీ 90కి వచ్చేస్తుంది. విజయవాడ నుంచి హైదరాబాద్‌కి బస్సు సగటున గంటకి 55 కిలోమీటర్లు వెళ్ళిందని చెబితే, దారిలో టోల్ గేట్ దగ్గర ఎంతసేపు ఆగిందో అందులో కనబడుతుందా? ఇదీ అంతే. నువ్వు చూడాల్సింది ఒక్కో ఫ్రేముకి ఎంత సమయం పట్టిందో గీసే ఫ్రేమ్‌టైమ్ గ్రాఫ్. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్, దాంతో వచ్చే రివాట్యూనర్ వేసుకుంటే గేమ్ మూలన ఆ గీత పడుతుంది. గీత చదునుగా ఉంటే ఆట బాగున్నట్టు. మధ్యలో మేకు దిగ్గొట్టినట్టు పైకి లేచిందంటే అదే నీ కుదుపు.

బ్యాక్‌గ్రౌండ్ ప్రాసెస్‌ల మీద, అంటే వెనకాల నడిచే ప్రోగ్రాముల మీద, పడేముందు మూడు విషయాలు తేల్చుకో. వీటిలో ఏదైనా అయితే కింద నేను చెప్పేదంతా దండగ.

వాలరెంట్‌లో కుదుపు వచ్చినప్పుడు మౌస్ గట్టిగా తిప్పి చూడు. నీ చూపు సాఫీగా తిరుగుతూ, ఎదుటివాడు మాత్రం ఇక్కడి నుంచి అక్కడికి గెంతుతున్నాడంటే అది నెట్ ల్యాగ్. హాస్టల్ వైఫై గురించి నీకు నేను చెప్పాలా! నీ చూపు కూడా బిగుసుకుపోతే సమస్య లాప్‌టాప్‌లోనే ఉంది. రెండోది వేడి. ఇరవై నిమిషాలు బాగా ఆడి, ఆ తర్వాత మొత్తం ఆటే నెమ్మదించి అలాగే ఉండిపోతే అది వేడికి ప్రాసెసర్ స్పీడ్ తగ్గించుకోవడం. వేడి వల్ల ఎక్కువగా ఈడుపు వస్తుంది, ఒక్క కుదుపు వచ్చి వెంటనే మామూలైపోవడం తక్కువ. హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో అనే టూల్ పెట్టుకుంటే క్లాక్, అంటే ప్రాసెసర్ స్పీడ్, పడిపోవడం కనిపిస్తుంది. అన్నట్టు, ఛార్జర్ పెట్టే ఆడుతున్నావు కదా? బ్యాటరీ మీద ఆడితే గ్రాఫిక్స్ కార్డ్‌కి కరెంట్ కోత ఉంటుంది. మూడోది కొత్త గేమ్స్‌లో వచ్చేది. ఏదైనా ఎఫెక్ట్ మొదటిసారి తెర మీదకి వచ్చినప్పుడు ఆగి, రెండోసారి ఆగకపోతే అది షేడర్లు, అంటే ఎఫెక్ట్‌లు గీయడానికి కార్డ్ నడిపే చిన్న ప్రోగ్రాములు, అప్పటికప్పుడు తయారవడం వల్ల. దానికి నువ్వు చేయగలిగింది తక్కువ.

ఈ మూడూ కాదనుకుంటే ఇక అసలు పని. చాలామంది టాస్క్ మేనేజర్ (నడుస్తున్న ప్రోగ్రాముల జాబితా చూపించేది) తెరిచి, పేరు తెలియనిదల్లా ఎండ్ టాస్క్ కొట్టుకుంటూ పోతారు. నేనైతే ముందు ఫోన్‌లో స్టాప్‌వాచ్ తీస్తాను. కుదుపు వచ్చిన ప్రతిసారీ ల్యాప్ బటన్ నొక్కు. ఒక అరగంట ఆడితే చాలు. ఆ అంకెలకి ఒక లయ ఉంటుంది, దొంగ ఎవరో సగం ఆ లయే చెప్పేస్తుంది.

మా అక్క కొడుకు లాప్‌టాప్ సంగతి చెప్తా విను. వాడూ ఇలాగే గోల పెడితే స్టాప్‌వాచ్ పెట్టించాను. 30, 30, 31, 30, 30. అంత కచ్చితంగా మనుషులు చేసే పని ఏదీ రాదు, ఏదో టైమర్ పెట్టుకున్న ప్రోగ్రామే. చూస్తే, లాప్‌టాప్‌తోపాటు కంపెనీవాళ్ళు ఇచ్చిన కంట్రోల్ యాప్. కీబోర్డ్ లైట్లు, ఫ్యాన్ స్పీడ్ మార్చుకునేది. అది అరనిమిషానికోసారి సెన్సర్లన్నిటినీ పలకరించి వస్తోంది. టాస్క్ మేనేజర్‌లో ఆ యాప్ పక్కన ఏమీ కనబడలేదు, కానీ కుదుపు వచ్చిన క్షణంలో డబ్ల్యూఎంఐ ప్రొవైడర్ హోస్ట్ అనేది పైకి లేస్తోంది. యాప్ మూసేసినా లాభం లేకపోయింది, దాని సర్వీస్ లోపల నడుస్తూనే ఉంది. సర్వీస్ ఆపాక పోయింది. అప్పటికే వాడు ర్యామ్ పోయిందని ఎవరో చెబితే మూడు వేలు పెట్టి మార్పించుకున్నాడు.

డబ్ల్యూఎంఐ దగ్గర ఒక సంగతి గుర్తుంచుకో. అది ప్రోగ్రాములు అడిగిన సిస్టమ్ వివరాలు తెచ్చిచ్చే విండోస్ భాగం, దాన్ని చంపితే ఉపయోగం లేదు. అది ఎవరో అడిగితేనే పని చేస్తుంది. అడిగింది ఎవరో కావాలంటే ఈవెంట్ వ్యూయర్ తెరిచి, అప్లికేషన్స్ అండ్ సర్వీసెస్ లాగ్స్, మైక్రోసాఫ్ట్, విండోస్, డబ్ల్యూఎంఐ యాక్టివిటీ, ఆపరేషనల్ అని వరుసగా వెళ్ళు. అక్కడి ఎంట్రీల్లో క్లయింట్ ప్రాసెస్ ఐడీ అని ఒక నంబర్ ఉంటుంది. టాస్క్ మేనేజర్ డీటెయిల్స్ ట్యాబ్‌లో పీఐడీ కాలమ్‌లో ఆ నంబర్ వెతుకు. పేరు దొరుకుతుంది.

సెకన్ల లెక్కన సమానంగా వస్తే ఇలాంటి టైమర్ యాప్‌లు. అయిదూ పది నిమిషాలకోసారి వస్తే నాకు ముందు గుర్తొచ్చేది గేమ్ ఆటోసేవ్. చాలా గేమ్స్ సేవ్ ఫైళ్ళని డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో పెడతాయి, జీటీఏ 5 కూడా అక్కడే. వన్‌డ్రైవ్ (మైక్రోసాఫ్ట్ క్లౌడ్) బ్యాకప్ ఆన్‌లో ఉంటే అదే డాక్యుమెంట్స్ ఫోల్డర్ మీద దాని కన్ను ఉంటుంది. గేమ్ సేవ్ చేసిన మరుక్షణం అది ఫైల్ పట్టుకుని అప్‌లోడ్‌కి బయల్దేరుతుంది. ఆడేముందు టాస్క్‌బార్‌లో మేఘం గుర్తు మీద నొక్కి పాజ్ సింకింగ్ పెట్టు, 2 గంటలు, 8 గంటలు, 24 గంటలు అని అడుగుతుంది. శాశ్వతంగా కావాలంటే దాని సెట్టింగ్స్‌లో డాక్యుమెంట్స్ బ్యాకప్ ఆపేయి. ఆపేముందు నీ ప్రాజెక్ట్ ఫైళ్ళు వేరే చోట కాపీ ఉన్నాయో లేదో చూసుకో, తర్వాత నన్ను తిట్టొద్దు.

లాప్‌టాప్ ఆన్ చేసిన మొదటి పది నిమిషాలే ఇబ్బంది, తర్వాత బాగుంటుంది అంటే అది స్టార్టప్ రద్దీ. అప్‌డేట్లు వెతుక్కోవడం, ఫైళ్ళ ఇండెక్సింగ్ (వెతుకులాట కోసం జాబితా రాసుకోవడం), స్టార్టప్ యాప్‌లు అన్నీ ఒకేసారి లేస్తాయి. విండోస్ ఆటోమేటిక్ మెయింటెనెన్స్ మామూలుగా తెల్లవారుజామున 2 గంటలకి పెట్టి ఉంటుంది. హాస్టల్లో ఆ టైముకి లాప్‌టాప్ మూసి ఉంటుంది కాబట్టి ఆ పనులన్నీ బాకీ పడి, ఎప్పుడు ఖాళీ దొరికితే అప్పుడు మొదలుపెడతాయి. దానికి మందు చాలా తేలిక. సాయంత్రం లాప్‌టాప్ ఆన్ చేసి ఛార్జింగ్ పెట్టి మెస్‌కి వెళ్ళి తినేసి రా.

మెసేజ్ వచ్చినప్పుడల్లా ఆగుతోందంటే ఓవర్‌లే, అంటే గేమ్ పైన కనబడే యాప్ పొర. డిస్కార్డ్‌ది ఒకటి, స్టీమ్‌ది ఒకటి, గేమ్ బార్ ఒకటి, ఎన్‌విడియాది ఇంకొకటి, నాలుగూ గేమ్ మీద ఎక్కి కూర్చుంటాయి. నీకు కావలసింది ఒకటి ఉంచుకుని మిగతావి ఆఫ్ చెయ్.

లయ ఏమీ లేకుండా, జీటీఏలో స్పీడ్‌గా కారు నడుపుతూ కొత్త వీధిలోకి తిరిగినప్పుడు ఎక్కువగా వస్తే? నీ కాన్ఫిగరేషన్ చూస్తే నాకు బలమైన అనుమానం దీని మీదే. అందుకే ఇక్కడ కొంచెం ఆగి చెప్తాను.

ఇది చేసి చూడు. స్టార్ట్‌లో రిసోర్స్ మానిటర్ అని టైప్ చేసి తెరువు. మెమరీ ట్యాబ్ పెట్టి, అలాగే వదిలేసి గేమ్‌లోకి వెళ్ళు. కుదుపు రాగానే ఆల్ట్ ట్యాబ్ కొట్టి బయటికి రా. కుడివైపు గ్రాఫ్‌లు గడిచిన 60 సెకన్లవి చూపిస్తాయి. కుడి చివర లేచిన గీతని పట్టించుకోకు, అది నువ్వు ఆల్ట్ ట్యాబ్ కొట్టినందుకు వచ్చింది. దానికి కొంచెం ఎడంగా ఇంకో శిఖరం ఉంటుంది, మనకి కావలసింది అది. హార్డ్ ఫాల్ట్స్ అనే గ్రాఫ్‌లో ఆ చోట వందల్లో లేచిందా? అయితే ర్యామ్ చాలడం లేదు. ర్యామ్‌లో ఉండాల్సిన పేజీ (డేటా ముక్క) అక్కడ లేక డిస్క్ నుంచి తెచ్చుకోవడాన్నే హార్డ్ ఫాల్ట్ అంటారు. పేరు భయపెట్టేలా ఉంది గానీ ఏదీ పాడైనట్టు కాదు. గేమ్ లోడ్ అయ్యేటప్పుడు ఎక్కువున్నా పర్లేదు, ఆట మధ్యలో ఉండకూడదు.

ఇప్పుడు డిస్క్ ట్యాబ్ చూడు. ఏ ఫైల్‌ని ఏ ప్రాసెస్ చదువుతోందో పూర్తి దారితో సహా ఉంటుంది, పక్కన రెస్పాన్స్ టైమ్ మిల్లీసెకన్లలో ఉంటుంది. తిరిగే హార్డ్ డిస్క్‌లో ముల్లు ఒకచోటి నుంచి ఇంకోచోటికి వెళ్ళి చదవడానికే పది పదిహేను మిల్లీసెకన్లు పడుతుంది. నీ ఫ్రేమ్ బడ్జెట్ ఎంత? 11. అంటే డిస్క్ కోసం ఒక్కసారి ఆగినా ఒక ఫ్రేమ్ పోయినట్టే. గేమ్ ఒక్కటే చదువుతుంటే అది ముందుచూపుతో ఎలాగో సర్దుకుంటుంది. అదే సమయంలో ఇండెక్సరో, డౌన్‌లోడో, యాంటీవైరస్సో అదే డిస్క్ మీద పడితే ముల్లు అటూ ఇటూ పరిగెడుతూ రెస్పాన్స్ టైమ్ వందల్లోకి పోతుంది. నువ్వు చూసే అర సెకను అదే అయ్యుండాలి.

ర్యామ్ వైపు చూస్తే, 8 జీబీలో విండోస్ తన వాటా తీసుకుంటుంది. పైన నీ బ్రౌజర్, డిస్కార్డ్, వాట్సాప్, గేమ్ లాంచర్. గేమ్‌కి మిగిలేది ఎంతో నువ్వే లెక్కేసుకో. క్రోమ్ కిటికీ మూసేశాను కదా అనుకోకు. దాని సెట్టింగ్స్‌లో సిస్టమ్ అనే చోట, క్రోమ్ మూశాక కూడా బ్యాక్‌గ్రౌండ్ యాప్‌లు నడవనివ్వాలా అని ఒక స్విచ్ ఉంటుంది, అది ఆపు. ఎడ్జ్‌లో స్టార్టప్ బూస్ట్ ఆపు. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ యాప్స్ చూసి లాంచర్లు, మీటింగ్ యాప్‌లు డిసేబుల్ చెయ్. ఇవన్నీ చేశాక కూడా హార్డ్ ఫాల్ట్స్ తగ్గకపోతే ఇంకో 8 జీబీ ర్యామ్ స్టిక్ వేయించుకో. నీ దాంట్లో ఒకే స్టిక్ ఉంటే, రెండోది వేస్తే డ్యూయల్ ఛానల్ కూడా అవుతుంది, అంటే ర్యామ్ రెండు దారుల్లో పనిచేస్తుంది. ఈ జబ్బుకి డబ్బు ఖర్చు పెట్టి చేయదగ్గ పని నా లెక్కలో ఇదొక్కటే. కొనేముందు టాస్క్ మేనేజర్ మెమరీ పేజీలో ఎన్ని స్లాట్లు వాడుకలో ఉన్నాయో చూసుకో. జీటీఏ 5 వంద జీబీ దాటే గేమ్, నీ 256 జీబీ ఎస్ఎస్‌డీలో ఖాళీ ఉంటే అక్కడికి మార్చు. వాలరెంట్ అయితే తేలిగ్గా పడుతుంది.

ఆ బూస్టర్ సంగతి. తీసెయ్, ఈ రాత్రికే. ర్యామ్ క్లీన్ చేస్తున్నాం అని అవి చేసేదేమిటంటే, నడుస్తున్న ప్రోగ్రాముల పేజీలని ర్యామ్ నుంచి నెట్టేయడం. అంకె తగ్గి చూడ్డానికి బాగుంటుంది. మరు సెకనులో ఆ ప్రోగ్రాములకి అవే పేజీలు మళ్ళీ కావాలి, చాలావాటిని డిస్క్ నుంచి తెచ్చుకోవాలి. అంటే కొత్తగా హార్డ్ ఫాల్ట్స్ పుట్టించడం. కుదుపు తగ్గిస్తానని చేరి అదే కుదుపు పెంచుతుంది.

ఇక డిఫెండర్, విండోస్‌తో వచ్చే యాంటీవైరస్. టాస్క్ మేనేజర్‌లో యాంటీమాల్వేర్ సర్వీస్ ఎగ్జిక్యూటబుల్ అని కనిపించేది అదే. అందరూ ముందు దీన్నే తిడతారు. నేనూ తిట్టినవాడినే. ఒకప్పుడు నా లాప్‌టాప్‌లో పావుగంటకోసారి డిస్క్ 100 శాతానికి వెళ్తుంటే రెండు వారాలు డిఫెండర్‌తో కుస్తీ పట్టాను. చివరికి చూస్తే, ఎప్పుడో నేనే రాసి టాస్క్ షెడ్యూలర్‌లో పెట్టి మర్చిపోయిన బ్యాకప్ ప్రోగ్రాం అది. పావుగంటకోసారి వేల ఫైళ్ళు కాపీ చేస్తోంది, కాపీ అయ్యే ప్రతి ఫైల్‌నీ డిఫెండర్ పాపం చెక్ చేస్తోంది. పైన కనబడేది దాని పేరు, లోపల దొంగ ఇంటివాడే. కాబట్టి డిఫెండర్ లేచిందంటే, ఆ క్షణంలో ఫైళ్ళని కదిపింది ఎవరని డిస్క్ ట్యాబ్‌లో చూడు. నిజంగా స్కానే నడుస్తుంటే టాస్క్ షెడ్యూలర్‌లో దాని టైమ్ మార్చుకో. గేమ్ ఫోల్డర్‌ని ఎక్స్‌క్లూజన్‌లో, అంటే డిఫెండర్ చెక్ చేయని జాబితాలో, పెట్టమని చాలామంది చెప్తారు. స్టీమ్ లాంటి చోట కొన్న గేమ్ అయితే పెట్టుకో, క్రాక్ గేమ్ అయితే ఛస్తే పెట్టకు.

క్రాక్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. టాస్క్ మేనేజర్ తెరవగానే ఫ్యాన్ చప్పుడు తగ్గి, మూయగానే మళ్ళీ మొదలవుతోందా? టాస్క్ మేనేజర్ తెరిచినప్పుడు కదలకుండా దాక్కునే మైనర్లు, అంటే నీ లాప్‌టాప్‌తో దొంగచాటుగా క్రిప్టో సంపాదించే ప్రోగ్రాములు, ఉన్నాయి. అనుమానం ఉంటే విండోస్ సెక్యూరిటీలో మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టు. విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది కాబట్టి దాక్కోవడం కష్టం.

సెట్టింగ్స్‌లో గేమింగ్, క్యాప్చర్స్ అనే చోట రికార్డ్ వాట్ హ్యాపెండ్ ఆన్‌లో ఉంటే ఆపు. ఎన్‌విడియా ఇన్‌స్టంట్ రీప్లే కూడా. నువ్వు క్లిప్ తీసినా తీయకపోయినా అవి వెనకాల రికార్డ్ చేస్తూనే ఉంటాయి. గేమ్ మోడ్ మాత్రం ఆన్‌లోనే ఉంచు, ఆట మధ్యలో విండోస్ అప్‌డేట్ డ్రైవర్లు వేయకుండా, రీస్టార్ట్ అడగకుండా అది ఆపుతుంది.

ఇంత చేసినా పేరు దొరక్కపోతే క్లీన్ బూట్, అంటే బయటి సర్వీసులన్నీ ఆపి లాప్‌టాప్ ఆన్ చేయడం. ఎంఎస్‌కాన్ఫిగ్ తెరిచి సర్వీసెస్ ట్యాబ్‌లో ముందు హైడ్ ఆల్ మైక్రోసాఫ్ట్ సర్వీసెస్ టిక్ పెట్టాలి. ఇది మర్చిపోతే విండోస్ సర్వీసులే ఆగిపోయి తలనొప్పి. తర్వాత మిగిలినవన్నీ ఆపి రీస్టార్ట్ చెయ్. ఒక్క జాగ్రత్త, వాలరెంట్‌లో మోసాలు పట్టే వాన్‌గార్డ్ సర్వీస్ కూడా ఆ జాబితాలోనే ఉంటుంది. దాన్ని ఆపితే వాలరెంట్ అసలు తెరుచుకోదు, దాన్ని వదిలేసి మిగతావి ఆపు. కుదుపు పోయిందంటే దొంగ ఆ జాబితాలో ఉన్నట్టు. ఒక్కొక్కటీ ఆన్ చేస్తూ కూర్చోకు. సగం ఆన్ చేసి చూడు. కుదుపు వస్తే ఆ సగంలో ఉంది, రాకపోతే రెండో సగంలో ఉంది. 16 సర్వీసులుంటే నాలుగు రీస్టార్ట్‌లలో ఒక్కటే మిగులుతుంది.

క్లీన్ బూట్‌లో కూడా వస్తూ, కుదుపుతోపాటు సౌండ్ కూడా చిటపటమంటుంటే అది ప్రాసెస్ కాదు, డ్రైవర్. లేటెన్సీమాన్ అనే ఉచిత టూల్ ఒక పది నిమిషాలు నడిపితే ఏ డ్రైవర్ ఎక్కువసేపు ప్రాసెసర్‌ని పట్టుకుందో చెప్తుంది. వైఫైదో గ్రాఫిక్స్‌దో అయితే లాప్‌టాప్ కంపెనీ సైట్‌లో నీ మోడల్ పేజీ నుంచి కొత్త డ్రైవర్ వేసుకో.

చేయకూడనివి కూడా చెప్తాను, ఎందుకంటే ఆ వీడియోల్లో ఇవే ఉంటాయి. గేమ్ ప్రయారిటీ రియల్‌టైమ్‌లో పెట్టకు. మౌస్, సౌండ్ చూసుకునే పనులకి కూడా ప్రాసెసర్ దొరక్క ఇంకా దరిద్రంగా తయారవుతుంది. పేజ్ ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్క్‌లో వాడుకునే చోటు) తీసేయకు, 8 జీబీలో గేమ్ క్రాష్ అవుతుంది. ఎవరో రాసిన డీబ్లోట్ స్క్రిప్ట్ (విండోస్ నుంచి ఏవేవో తీసేసేది) అడ్మిన్‌గా నడపకు.

ఈ రాత్రి ముందు బూస్టర్ తీసేసి అరగంట జీటీఏ ఆడు, పక్కన స్టాప్‌వాచ్‌తో. తర్వాత బ్రౌజర్ స్విచ్‌లు ఆపి ఒకసారి, ఆపైన వన్‌డ్రైవ్ పాజ్ పెట్టి ఇంకోసారి ఆడు. ఒకటి మార్చాక ఒకసారి చూడు, అన్నీ ఒకేసారి మార్చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. కుదుపుల టైములు, కుదుపు వచ్చిన వెంటనే తీసిన రిసోర్స్ మానిటర్ మెమరీ, డిస్క్ ట్యాబ్‌ల ఫొటోలు నాకు పంపు. స్క్రీన్‌షాట్ కుదరకపోతే ఫోన్‌తో తీసినా పర్లేదు, హార్డ్ ఫాల్ట్స్ గ్రాఫ్ పక్కన అంకె కనబడితే చాలు. ర్యామ్ మాత్రం అప్పటిదాకా కొనకు.